సైలెన్సర్ మార్చిన బండికి ట్యూనింగ్

మోటార్‌సైకిల్‌కు సైలెన్సర్ మార్చడం అరగంట పని. రెండు మూడు బోల్టులు, ఒక క్లాంపు, ఒక ప్యాకింగ్, అంతే. ఆ కొత్త సైలెన్సర్‌కు తగ్గట్టు ఇంజిన్‌ను సరిచేయడానికి మాత్రం కనీసం ఒక పూట పడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్లలో మొదటి పని విరివిగా జరుగుతుంది, రెండోది చాలామంది ఊసే ఎత్తరు. సైలెన్సర్ మారగానే శబ్దం పెరుగుతుంది, శబ్దం పెరగ్గానే బండికి పికప్ వచ్చిందన్న నమ్మకం కుదురుతుంది. చెవికి వినిపించేదానికీ వెనక చక్రానికి అందే బలానికీ నిజంగా ఉన్న సంబంధం చాలా తక్కువ.

కంపెనీ సైలెన్సర్‌ను నిలువునా కోసి చూస్తే లోపల రెండు మూడు గదులు కనిపిస్తాయి. గదికీ గదికీ మధ్య రేకు అడ్డుగోడలు, వాటిలోంచి అటూ ఇటూ పోయే చిల్లుల గొట్టాలు. పొగ ఒక గదిలో దూరి, వెనక్కి మళ్లి, ఇంకో గొట్టంలోంచి బయటపడుతుంది. ఆ తిరుగుళ్లలోనే శబ్దం చాలావరకు అణిగిపోతుంది. బయట దొరికే ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌లో ఈ గదులు ఉండవు. నిటారుగా ఒకే చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్‌వూల్, పైన మెరిసే రేకు. బుల్లెట్ బండ్లకు షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, మెగాఫోన్, ఇండోరి, పంజాబ్ అన్న పేర్లతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఈ బాపతువే. గోల్డ్‌స్టార్ అనే ఇంకో రకానికి బ్రిటన్‌లో బీఎస్ఏ కంపెనీ తయారుచేసిన రేసు బండి మీదుగా ఆ పేరు వచ్చింది. చవక రకాల్లో గ్లాస్‌వూల్ కూడా ఉండదు. ఉన్నవాటిలోనూ కొన్నాళ్లకు అది కాలి, రాలి, శబ్దం ఇంకా పెరుగుతుంది. వీటన్నిటికంటే చవకైన దారి కంపెనీ సైలెన్సర్‌లోని రేకులు పీకించడం, లేదా దానికి డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రాలు కొట్టించడం. అన్నిటికంటే చెడ్డదీ అదే, ఎందుకంటే మళ్లీ పాత స్థితికి తెచ్చే వీలుండదు.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్లాసిక్ 350లోని 346 సీసీ ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతూ, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే, నిమిషానికి 700 లీటర్లకు దగ్గరగా గాలి పీల్చగలదు. ఆ గాలంతా పెట్రోలుతో కలిసి మండి, వేడికి ఉబ్బి, ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండు పైపు గుండా బయటికి పోవాలి. దారిలో అడ్డు తగ్గితే లోపలికి వచ్చే గాలి కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదల థ్రాటిల్ బాగా తెరిచినప్పుడే లెక్కలోకి వస్తుంది. ఊళ్లో నలభై, యాభై స్పీడులో పోయే బండికి థ్రాటిల్ పావు వంతు కూడా తెరిచి ఉండదు. అప్పుడు గాలిని అడ్డుకునేది థ్రాటిలే. సైలెన్సర్ ఎంత వదులుగా ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ క్లాసిక్ 350కి కంపెనీ చెప్పిన బలం సుమారు 20 హార్స్‌పవర్. బెండు పైపు, ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ అన్నీ పాతవే ఉంచి సైలెన్సర్ ఒక్కటి మార్చితే కలిసొచ్చేది నడిపేవాడు పసిగట్టలేనంత స్వల్పం.

పైగా చాలా బండ్లకు సైలెన్సర్ మార్చాక కింద లాగుడు తగ్గుతుంది. మూడో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటిస్తే బండి ముక్కుతుంది. మెకానిక్ షెడ్లలో దీనికి చెప్పే కారణం ‘బ్యాక్ ప్రెజర్ పోయింది’ అని. ఫిర్యాదు నిజమే, కారణం మాత్రం అది కాదు. పొగ బయటికి పోకుండా వెనక్కి నెట్టే ఒత్తిడి వల్ల ఏ ఇంజిన్‌కూ లాభం లేదు. అసలు జరిగేది వేరు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగ ఒక ఒత్తిడి అలగా బెండు పైపులో పరుగెడుతుంది. పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి చేరగానే, అక్కడి నుంచి పీల్చే అల ఒకటి వెనక్కి బయల్దేరుతుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిసేపు కలిసి తెరిచి ఉండే సమయానికి ఆ అల సిలిండర్ దగ్గరికి చేరితే, మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త గాలి రావడానికి చోటిస్తుంది. కంపెనీ ఇంజినీర్లు పైపు పొడవు, గదుల కొలతలు ఊళ్లో ఎక్కువగా వాడే చుట్ల దగ్గర ఈ అల సమయానికి వచ్చేలా కుదురుస్తారు. పొట్టి సైలెన్సర్ వేస్తే అల తొందరగా తిరిగివస్తుంది. అది పై చుట్లకు పనికొస్తుంది, కింది చుట్లకు పనికిరాదు. ఈ లోటును కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ఏ జెట్టూ పూడ్చలేదు.

జెట్టుతో సరిచేయగలిగింది ఒక్కటే: గాలి, పెట్రోలు పాళ్లు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. గరిష్ఠ బలం రావాలంటే పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు కిలోకు 12.5 నుంచి 13 కిలోల గాలి చాలు. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే మెకానిక్‌ల భాషలో బండి ‘లీన్’, పెట్రోలు ఎక్కువైతే ‘రిచ్’. కాలుష్య నిబంధనల కోసం కంపెనీలు చాలా కాలంగా బండ్లను లీన్ అంచునే ఉంచి పంపుతున్నాయి. సైలెన్సర్ మార్చగానే అవి ఆ అంచు దాటుతాయి. లక్షణాలు పట్టుకోవడం కష్టం కాదు. పొద్దున స్టార్ట్ అయ్యాక చాలాసేపు చోక్ లేకుండా నిలబడదు. ఒకే స్పీడులో పోతుంటే ఎవరో వెనకనుంచి లాగి వదిలినట్టు ఊగుతుంది. ఇంజిన్ మామూలుకన్నా వేడెక్కుతుంది. ప్లగ్గు తీసి చూస్తే కొన దగ్గరి పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది.

థ్రాటిల్ వదిలినప్పుడు పటపటమని పేలే శబ్దం కూడా లీన్ లక్షణమే అంటారు. సగం నిజం. సిలిండర్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి పైపులోకి వచ్చి, అక్కడ గాలి తగిలి పేలుతుంది. ఆ గాలి చాలాసార్లు వచ్చేది బెండు పైపు సిలిండర్‌కు కలిసే చోట, సైలెన్సర్ బెండు పైపుకు కలిసే చోట ఉన్న సందుల్లోంచి. పాత ప్యాకింగ్‌నే మళ్లీ బిగించినందువల్ల వచ్చిన పేలుడుకు మెయిన్ జెట్ మార్చి ప్రయోజనం ఉండదు. కొన్ని బండ్లకు పొగను శుభ్రపరచడానికి కంపెనీయే ఎగ్జాస్ట్‌లోకి కొంత గాలి పంపే ఏర్పాటు పెడుతుంది. కంపెనీ సైలెన్సర్ ఉన్నంతకాలం వినిపించని చిన్న పేలుళ్లు ఫ్రీ ఫ్లో వేశాక గట్టిగా వినిపిస్తాయి. కొత్త బెండు పైపు వాల్వ్ దగ్గర నీలం తిరగడం కూడా కచ్చితమైన లీన్ గుర్తు కాదు. ఒకే పొర ఉన్న పల్చటి క్రోమ్ పైపులు సరైన ట్యూనింగ్‌లోనూ నీలం తిరుగుతాయి.

అందువల్ల స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు జాయింట్లకూ కొత్త ప్యాకింగ్ వేయాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకు ఉన్నచోట బుడగలు లేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, ప్లగ్గు కొత్తదై ఉండాలి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ అయితే టాపెట్లు చూడాలి. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు కాబట్టి ఆ పని లేదు. సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ ముక్క ఉంటే, దాన్ని బిగించే ట్యూనింగ్ చేయాలి. ట్యూనింగ్ అయ్యాక దాన్ని పీకితే చేసిన పనంతా వృథా.

కార్బొరేటర్‌లో పెట్రోలు ఒకే దారిన రాదు. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరిచే వరకు స్లో జెట్, దాని పక్కనుండే స్క్రూ పని చేస్తాయి. అక్కడి నుంచి పావు వంతు వరకు స్లైడు అంచున ఉన్న కోత ప్రభావం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుంటాయి. సైలెన్సర్ మార్చిన బండికి మెయిన్ జెట్ పెంచడం షెడ్లలో దాదాపు ఆచారంగా మారింది. సంతలకూ, పొలాలకూ, కాలేజీలకూ తిరిగే బండి మెయిన్ జెట్ దాకా వెళ్లేది ఎప్పుడో ఒకసారి. దాని కష్టాలన్నీ స్లో జెట్టులో, నీడిల్‌లో ఉంటే మందు మాత్రం మెయిన్ జెట్టుకు పడుతోంది.

హద్దులు తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. థ్రాటిల్ గ్రిప్పు అంచుకు తెల్ల టేపు అంటించి, పక్కనున్న స్విచ్ బాక్సు మీద మూసి ఉన్నచోట, పావు, సగం, ముప్పావు, పూర్తి అని ఐదు గీతలు గీస్తే చాలు. బండి ఎక్కడ తటపటాయిస్తుందో చుట్ల లెక్కలో కాకుండా థ్రాటిల్ గీతల లెక్కలో చెప్పగలిగితే తప్పు ఏ భాగంలో ఉందో దానికదే తేలిపోతుంది. అది లీనా, రిచ్చా తేల్చడానికి చోక్ ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, తటపటాయించే గీత దగ్గర థ్రాటిల్ నిలిపి, చోక్ కొద్దిగా లాగాలి. బండి కుదుటపడితే అక్కడ లీన్, ఇంకా మొండికేస్తే రిచ్.

మెయిన్ జెట్‌ను ముందు తేల్చి, తర్వాత నీడిల్, చివర స్లో జెట్ చూడటం పుస్తకాల పద్ధతి. మెయిన్ జెట్ కోసం పూర్తి థ్రాటిల్‌లో పోతూ కొద్దిగా వెనక్కి తిప్పినప్పుడు బండి ముందుకు దూకితే అది లీన్ అని అర్థం. జెట్టు ఒక్కొక్క సైజే పెంచాలి. కొన్ని రకాల జెట్లకు నంబరు రంధ్రం కొలతను బట్టి ఉంటుంది. 100 అంటే 1 మిల్లీమీటరు. దాన్ని 105 చేస్తే నంబరు 5 శాతమే పెరిగినా రంధ్రం వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. ఒకేసారి నాలుగు సైజులు ఎక్కించిన బండి నల్లపొగ కక్కడంలో ఆశ్చర్యం లేదు. ఈ పరీక్షకు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని గాని, మిర్యాలగూడ మీదుగా పోయే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డును గాని వాడటం ప్రాణాంతకం. లారీల మధ్య పూర్తి థ్రాటిల్‌లో పోతూ ఇంజిన్ ఆపి, పక్కకు తీసి ప్లగ్గు చూడటం అనే పాత పద్ధతి ఖాళీ రోడ్ల కాలం నాటిది. బండిని రోలర్ల మీద నిలిపి నడిపే డైనో మెషిన్ అందుబాటులో ఉంటే అది మేలు. లేకపోతే మెయిన్ జెట్‌ను ఒక సైజు పెంచి వదిలేసి, మిగిలిన రెండింటి మీద శ్రద్ధ పెట్టడమే తెలివైన పని.

నీడిల్ పైభాగాన గాడులుంటాయి, ఒక గాడిలో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. స్లైడు ఇంజిన్ పీల్పుకు పైకి లేచే సీవీ కార్బొరేటర్లు కొన్నిటిలో ఒకే గాడి ఉంటుంది. అక్కడ క్లిప్పు కింద అర మిల్లీమీటరు పల్చటి వాషర్ వేస్తారు. సైలెన్సర్ ఒక్కటే మార్చిన బండికి చాలాసార్లు ఈ ఒక్క మార్పు సరిపోతుంది.

స్లో జెట్ పక్కనుండే స్క్రూ దగ్గర షెడ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పాత బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్ వంటి వీఎం రకం కార్బొరేటర్లలో ఆ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటుంది. అది గాలిని తగ్గిస్తుంది, పెంచుతుంది. లోపలికి బిగిస్తే రిచ్. యూసీఈ బండ్లకు వచ్చిన యూకాల్ సీవీ కార్బొరేటర్‌లో స్క్రూ ఇంజిన్ వైపు ఉంటుంది. అది మిశ్రమాన్నే ఆడిస్తుంది. బయటికి విప్పితే రిచ్. ఈ తేడా చూడకుండా అలవాటు ప్రకారం తిప్పితే రోగం ముదురుతుంది. స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, చుట్టున్నర బయటికి విప్పి మొదలుపెట్టాలి. ఇంజిన్ వేడిగా ఉండగా పావు చుట్టు చొప్పున తిప్పుతూ చుట్లు ఎక్కడ గరిష్ఠమవుతాయో చూసి, ఐడిల్ స్క్రూతో స్పీడు తగ్గించి, మళ్లీ ఒకసారి అదే పని చేయాలి. ఎయిర్ స్క్రూ ఒక చుట్టు లోపలే కుదిరిందంటే స్లో జెట్ చిన్నది, రెండున్నర చుట్లు దాటిందంటే పెద్దది. రెండో రకం స్క్రూకు ఇది తలకిందులు.

ఇంతా చేసిన ట్యూనింగ్ ఏడాది పొడవునా నిలవదు. నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరుతుంది, డిసెంబరు తెల్లవారుజామున 15 దగ్గరికి దిగుతుంది. ఈ రెండింటి మధ్య గాలి సాంద్రతలో దాదాపు 10 శాతం తేడా ఉంటుంది. కార్బొరేటర్‌లో దాని ప్రభావం ఇంచుమించు సగం: చలికాలంలో మిశ్రమం సుమారు 5 శాతం లీన్ వైపు జరుగుతుంది. మండుటెండలో కచ్చితంగా కుదిర్చిన బండి సంక్రాంతి నాటికి పొద్దున పూట మొరాయించడానికి కారణం ఇదే. కొద్దిగా రిచ్ వైపు వదిలేస్తే రెండు కాలాల్లోనూ నడుస్తుంది, మైలేజ్ కొంత పోతుంది.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపినదే. ఇథనాల్ కిలోకు 9 కిలోల గాలే చాలు. కలిపిన పెట్రోలుకు 13.5 దగ్గర. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు, అది పాత లెక్కనే పోస్తుంది. దాంతో శుద్ధ పెట్రోలుకు కుదిర్చిన బండి 8 శాతం మేర లీన్ అవుతుంది. సైలెన్సర్ వల్ల వచ్చింది, చలి వల్ల వచ్చింది, ఇథనాల్ వల్ల వచ్చింది కలిస్తే పాత బండ్లలో పిస్టన్, వాల్వుల మీద పడే వేడి తక్కువేమీ కాదు. పదేళ్ల కింద ఎవరో రాసిపెట్టిన జెట్టు నంబర్లు ఇప్పుడు యథాతథంగా పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

దుమ్ము దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల ఊక, బూడిద. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ధూళి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది. ఫిల్టర్ దుమ్ముతో నిండిన బండికి ట్యూనింగ్ బాగా కుదిరినట్టే అనిపిస్తుంది. ఫిల్టర్ మార్చిన మర్నాడు అసలు రూపం బయటపడుతుంది. సైలెన్సర్‌తోపాటు ఎయిర్ ఫిల్టర్ బాక్సు కూడా తీసేసి గంట ఆకారపు ఓపెన్ ఫిల్టర్ వేయడం ఈ ప్రాంతంలో ఏ రకంగానూ మంచిది కాదు. బలం పెరగడం మాట అటుంచి, ఊక బూడిదలోని సిలికా సిలిండర్‌ను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ లేదు. పెట్రోలును ఇంజెక్టర్ చిమ్ముతుంది, ఎంత చిమ్మాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే సెన్సర్ బెండు పైపులో ఉంటుంది. ఐడ్లింగ్‌లో, నిలకడ స్పీడులో ఈసీయూ ఆ సెన్సర్ మాట విని సరిదిద్దుకుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే సెన్సర్‌ను పక్కనపెట్టి, ఫ్యాక్టరీలో రాసిన పట్టిక ప్రకారం పోస్తుంది. అందువల్ల ఈ బండ్లకు సైలెన్సర్ చివరి భాగం మాత్రమే మార్చి, క్యాటలిటిక్ కన్వర్టర్, సెన్సర్ కదిలించకపోతే సాధారణంగా ఏ ట్యూనింగూ అక్కర్లేదు. బెండు పైపు మొత్తం మార్చి, సెన్సర్‌ను గాలికి వేలాడదీస్తే మాత్రం ఈసీయూకు అందేది తప్పుడు సమాచారం. ఇంజిన్ లైటు వెలుగుతుంది, మైలేజ్ పడిపోతుంది. పట్టికనే మార్చాలంటే బెంగళూరుకు చెందిన రేస్ డైనమిక్స్ వంటి సంస్థలు చేసే అదనపు పెట్టెలు ఉన్నాయి. అవి సైలెన్సర్ కంటే ఖరీదైనవి కావచ్చు. ఊళ్లో తిరిగే 350 సీసీ బండికి ఆ ఖర్చు దండగ.

టూ స్ట్రోక్ సంగతి పూర్తిగా వేరు. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్100ను ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. 98 సీసీలో 11 హార్స్‌పవర్ తీసిన ఆ ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ వాల్వ్ లేదు. సిలిండర్‌లోంచి పొగతోపాటు బయటికి జారిపోయే కొత్త మిశ్రమాన్ని తిరిగి లోపలికి నెట్టేది ఎగ్జాస్ట్‌లోంచి వెనక్కి వచ్చే అలే. అక్కడ పైపు కూడా ఇంజిన్‌లో ఒక భాగమే. దాని లోపలి గొట్టం పీకేస్తే శబ్దం వస్తుంది, బలం పోతుంది. పై చుట్లలో లీన్ అయితే క్షణాల్లో పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుంటుంది.

ట్యూనింగ్ ఎంత బాగా కుదిరినా చట్టం ఒప్పుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. తయారీ సమయంలో 80 నుంచి 175 సీసీ బండ్లకు 77 డెసిబెల్స్, అంతకు మించినవాటికి 80 డెసిబెల్స్ పరిమితి, 7.5 మీటర్ల దూరం నుంచి కొలుస్తారు. డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానాకు, మూడు నెలల లైసెన్సు రద్దుకు వీలుంది. పట్టుబడ్డ సైలెన్సర్లను పోలీసులు వరుసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించడం తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల చూసిందే.

అందుకే కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుముకు వేసేయకుండా దాచుకోవాలి. పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగింపుకు, అమ్మకానికి అది మళ్లీ బిగించాల్సి వస్తుంది. అది బిగించిన రోజున పెంచిన జెట్లు అలాగే ఉంటే బండి రిచ్ అయి, కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే దొరికిపోతుంది. తీసిన స్లో జెట్, మెయిన్ జెట్‌లను ఒక చిన్న కవరులో వేసి, మీద వాటి నంబర్లు, నీడిల్ క్లిప్పు ఉన్న గాడి, స్క్రూ చుట్ల లెక్క రాసి, ఆ సైలెన్సర్‌కే కట్టి ఉంచాలి.